అన్నయ్య కారు ఎందుకు ఆగింది

మా వీధిలో కాశీ వెళ్ళొచ్చినవాళ్ళున్నారు, అరుణాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చినవాళ్ళున్నారు. వచ్చాక నెల రోజులపాటు వాళ్ళ కబుర్లు వినడమే మాకు పని. నేను తెనాలి నుంచి తార్నాక వెళ్ళొచ్చాను. నాలుగు రోజులు. ఇందులో గుడీ లేదు, గోపురమూ లేదు. ఉన్నదల్లా ఒక యూనివర్సిటీ క్వార్టరు, ఒక మెకానిక్ షెడ్డు, ఒక పాత కారు. వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఎవరూ అడగలేదు గనక నేనే కూర్చుని రాస్తున్నాను.

మా అన్నయ్య వెంకటరత్నం ముప్పై ఏళ్ళు ఆ యూనివర్సిటీ వర్క్‌షాపులో లేతు మిషను నేర్పాడు. వదిన పోయాక ఒక్కడే ఉండేవాడు. పిల్లల్లేరు. మూడేళ్ళ కిందట మే నెలలో మా అమ్మాయి సింధు పెళ్ళి జరిగింది. మా వైపు పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చి పీటల దగ్గర దించాలి. సింధుకి సొంత మేనమామ అంటే ఆయనొక్కడే. ముందురోజు ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ ఉందనీ, పెళ్ళిరోజు తెల్లవారుజామున నాలుగింటికి కారులో బయల్దేరి పదిన్నరకల్లా మండపంలో ఉంటాననీ చెప్పాడు. ముహూర్తం పదకొండూ ఇరవైకి. ఆయన వచ్చింది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి.

దారిలో మూడుసార్లు ఫోను చేశాడు. మూడూ టోల్‌గేట్ల దగ్గర్నుంచే. కారు ఆగిపోయింది, స్టార్ట్ కావడం లేదు, అయిపోగానే వచ్చేస్తాను అని మూడుసార్లూ ఒకే మాట. చివరికి వరసకి మేనమామ అయ్యే మా పెదనాన్న కొడుకు బుట్ట ఎత్తాడు. అన్నయ్య వచ్చేసరికి రెండో పంక్తి భోజనాలు అవుతున్నాయి. మూడుసార్లు ఆగిందన్న ఆ కారునే గంట తర్వాత మా మరిది తీసుకెళ్ళి పక్క వీధి నుంచి ఐసుగడ్డలు తెచ్చాడు. "బండి గుర్రంలా ఉంది వదినా" అన్నాడు.

నేను లెక్కల టీచర్ని. రుజువు లేనిది ఒప్పుకోను. పైగా ఆ రోజు కోపంలో ఉన్నాను. బంధువులందరి ముందూ, "అబద్ధమైనా నమ్మేలా చెప్పాల్సింది అన్నయ్యా" అన్నాను. "అబద్ధం కాదే చిట్టీ" అన్నాడాయన, ఒక్కసారే. విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాత మూడేళ్ళూ మేం మాట్లాడుకోలేదు. మొన్న ఫిబ్రవరిలో వర్క్‌షాపులోనే గుండె ఆగి పోయాడు. కర్మలన్నీ తెనాలిలోనే చేశాం. క్వార్టరు ఖాళీ చేయాలని కబురు వస్తే నేను వెళ్తానన్నాను. సామాను సర్దడానికని అందరికీ చెప్పాను. నిజానికి నాకు కావలసింది ఒక్కటే. ఆ కారు దారిలో ఆగుతుందా, ఆగదా?

కాచిగూడ

రైలు తెల్లారాక కాచిగూడలో దింపింది. ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేశానో లేదో చెప్పు ఉంగటం తెగింది. కాలీడ్చుకుంటూ బయటికొస్తే మెట్ల పక్కనే చెప్పులు కుట్టే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కుట్టి, దారం కొరికి, ముప్పై రూపాయలన్నాడు. తెనాలిలో ఇరవైకి కుడతారని నేను గొణిగితే, "తెనాల్ల కుట్టిచ్చుకొని రాకపోయినవా అమ్మా" అన్నాడు. ఆ మాటకి ముప్పై ఇవ్వొచ్చనిపించింది.

ఆటో అతను యూనివర్సిటీ లోపలికి అనగానే వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పరీక్ష రాయనీకి వచ్చిన్రా అని అడిగాడు. నాకు యాభై ఆరేళ్ళు. వెటకారమేమో అనుకున్నాను గానీ కాదు. క్యాంపస్‌లో ప్రభుత్వోద్యోగం కోసం చదివేవాళ్ళకి వయసు లెక్క లేదట, అతని బావమరిది కూడా పదేళ్ళుగా చదువుతూనే ఉన్నాడట. ఏం చదువుతున్నాడని అడిగితే, "అది ఆయనకే ఎర్కలేదు" అన్నాడు. అన్నయ్య బతికుండగా ఈ దారిన వచ్చుంటే ఈ మాట చెప్పి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆటోలో నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అతను అద్దంలో చూసి, ఆటో కాస్త నిదానంగా నడిపాడు.

క్వార్టరు

క్యాంపస్ లోపల ఎండ కూడా నిదానంగానే ఉంటుంది. వెడల్పాటి రోడ్లు, రాతి గోడలు, చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని లావుపాటి పుస్తకాల మీద వంగిన పిల్లలు. అన్నయ్య క్వార్టరు వెనక వరసలో చివరిది. పక్కింటి సుగుణమ్మ తాళంచెవి తెచ్చిచ్చింది. వాళ్ళాయన లైబ్రరీలో అటెండరు, సిద్దిపేట దగ్గర వాళ్ళు. నన్ను గడప దాటనివ్వకుండా ముందు వాళ్ళింట్లో కూర్చోబెట్టింది.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే కాగాలి, తెర్లాలి, ఇల్లంతా ఘుమఘుమలాడాలి. పొయ్యి ఎక్కని పులుసు తినడం నాకదే మొదలు. నోరు పుల్లగా, చల్లగా అయ్యి, రైల్లో పట్టిన తలనొప్పి దిగిపోయింది. అన్నయ్యకి ఇది ఇష్టమా అని అడిగాను. ఆదివారం ఆదివారం గిన్నె పట్టుకుని తనే వచ్చేవాడట. ఆయన అన్నంలో నెయ్యి లేకపోతే అలిగే మనిషి. మూడేళ్ళలో ఆయన నాలుక కూడా మారిపోయిందని పక్కింటావిడ చెబితే తెలుసుకున్నాను.

ఆదివారాల గురించి ఆవిడ ఇంకో మాట చెప్పింది. పొద్దున్నే ఆరింటికి లేచి కారు బానెట్ ఎత్తి పెట్టేవాడట. స్టార్ట్ చేసి, చెవి పెట్టి వినేవాడట. ఆపేవాడు, మళ్ళీ స్టార్ట్ చేసేవాడు, మళ్ళీ వినేవాడు. ఎనిమిదింటికి ఎండెక్కేసరికి బానెట్ మూసేసి లోపలికి వెళ్ళిపోయేవాడట.

"ఏం సూస్తున్నరు సార్ అని అడిగితే, ఏం లేదమ్మా, దీనికేదో రోగం ఉన్నది, నాకు దొరకట్లే అంటుండె" అన్నది సుగుణమ్మ.

లేచి చెయ్యి కడుక్కుని క్వార్టరు తాళం తీశాను.

అన్నయ్య గదులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. మంచం, బల్ల, స్టీలు బీరువా. వంటగదిలో కొక్కేనికి పాత దుప్పటి చుట్టి ఏదో వేలాడుతోంది. విప్పితే బుట్ట. కొత్త వెదురు బుట్ట, మనిషి కూర్చునేంత పెద్దది, అంచుకి పసుపు దారం. పెళ్ళిరోజు కారు వెనక సీట్లో ఇది చూశాను. చూసి, ఇంకా మండిపడ్డాను. అంబర్‌పేటలో మేదరి వాళ్ళ దగ్గర కొలతలిచ్చి అల్లించాడని సుగుణమ్మ చెప్పింది. ఉల్లిగడ్డలు పోసుకోవడానికి ఇమ్మని ఆవిడ ఒకసారి అడిగిందట. మార్కెట్‌కి వెళ్ళి ఆవిడకి వేరే బుట్ట కొనిచ్చాడు గానీ ఇది ఇవ్వలేదట.

తార్నాక, ఐలయ్య షెడ్డు

రెండో రోజు సుగుణమ్మ వాళ్ళాయన నన్ను తార్నాకలో ఐలయ్య షెడ్డు దగ్గర దింపాడు. పెద్ద రోడ్డు మీద దుకాణాలు ఎంత మెరుస్తాయో, పక్క సందులోకి తిరిగితే అంత నూనె మరకలు. ఐలయ్యకి నలభై అయిదేళ్ళుంటాయి. నల్గొండ జిల్లా వ్యవసాయ కుటుంబం. ఇరవై ఏళ్ళప్పుడు క్యాంపస్ వర్క్‌షాపులో ఆర్నెల్ల ఫిట్టర్ కోర్సు చేశాడు. ఆకురాయి పట్టుకోవడం నేర్పింది అన్నయ్యే. నేను ఎవరినో చెప్పగానే చేతులు గుడ్డకి తుడుచుకుని, స్టూలు మీద పాత పేపరు పరిచి కూర్చోమన్నాడు. అన్నయ్య పోయినప్పట్నుంచీ కారు అతని షెడ్డులోనే ఉంది.

అమ్మేస్తారా అని అడిగాడు. ముందు ఒక సంగతి తేలాలన్నాను. ఈ కారు దారి మధ్యలో ఆగిపోయి, కాసేపటికి ఏం జరగనట్టు మళ్ళీ స్టార్ట్ కావడం అనేది ఉంటుందా, ఉండదా? ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. పెళ్ళి మాటా ఎత్తలేదు. సాక్షికి ముందే జవాబు చెప్పేస్తే అది సాక్ష్యం కాదని నా లెక్క.

ఐలయ్య పని చేసే తీరు చూడ్డం నాకు నచ్చింది. ఏదీ గబగబా విప్పడు. ముందు ప్లగ్గులు ఊడదీసి చూపించాడు. గోధుమ రంగులో ఉండాల్సినవి కాటుక పట్టినట్టున్నాయి. ఇంజనుకి కావలసినదానికంటే ఎక్కువ పెట్రోలు పోతోందన్నమాట. తర్వాత పెట్రోలు వెళ్ళే గొట్టానికి గడియారం లాంటి గేజు బిగించి ఇంజను స్టార్ట్ చేశాడు. ముల్లు ఒకచోట నిలబడింది. పక్కనే అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఒక ఇనప డబ్బీ ఉంది, దాన్ని రెగ్యులేటర్ అంటారట. పెట్రోలు ఎంత ఒత్తిడితో ఇంజనుకి అందాలో అది చూసుకుంటుంది, ఎక్కువైనదాన్ని ట్యాంకులోకి తిప్పి పంపేస్తుంది. దాని నెత్తి మీద నుంచి సన్నటి రబ్బరు పైపు ఇంజనులోకి వెళ్తోంది. ఐలయ్య ఆ పైపు పీకాడు. గేజులో ముల్లు కాస్త పైకెక్కింది. అట్లా ఎక్కాలట. ఇంజను ఆపాడు. ముల్లు కిందికి పడలేదు. పడకూడదట. పైపు వేలి మీద దులిపాడు. పొడిగా ఉంది.

ప్లగ్గుల మసి తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నమాట. అంటే అన్నయ్య అబద్ధమే చెప్పాడా? మూడేళ్ళుగా నేనే రైటని వాదించిన దాన్ని, తీరా నేనే రైటేమో అనేసరికి తట్టుకోలేకపోయాను.

ఐలయ్య మాత్రం గేజు విప్పలేదు. "ఇంజన్ సల్లగున్నదక్కా ఇప్పుడు. సల్లగున్నప్పుడు ఏ బండైనా మంచిదే. గరం అయితెనే దీని బండారం బయటపడ్తది. రేపు గంటసేపు ట్రాఫిక్‌ల తిప్పుదాం" అన్నాడు.

వారాసిగూడ మీదుగా

మూడో రోజు పదింటికి బయల్దేరాం. కారు పాడవ్వాలని కోరుకుంటూ కారెక్కిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. తార్నాక నుంచి వారాసిగూడ సందుల్లోకి తీసుకెళ్ళాడు. రెండు స్కూటర్లు ఎదురైతే ఆగిపోయే సందులు. మేడల మీంచి చీరలు ఆరేసి ఉన్నాయి. ఒకావిడ బాల్కనీ నుంచి తాడుకి బుట్ట కట్టి కిందికి వదిలి తోటకూర కొంటోంది. కట్ట ఇరవై రూపాయలట, మా దగ్గర పది. కారు గతుకుల్లో ఊగుతోంది, నడుస్తోంది. ఏసీ లేదు. చెమటకి నా జాకెట్టు తడిసి ముద్దయింది.

అక్కడి నుంచి కాచిగూడ వైపు. సిగ్నల్ పడ్డ ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టాను. ప్రతిసారీ పచ్చలైటు పడింది, కారు కదిలింది. ఐలయ్య మధ్యలో చాయ్ తాగుదామని కూడా ఆపలేదు. అన్నయ్య చేతి కింద నేర్చుకున్న రోజులు చెప్పాడు. పనిముట్టు కిందపడితే తిట్టేవాడు కాదట, అది నీ కాలు మీద పడుంటే ఏమయ్యేదో చెప్పు అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకునేవాడు కాదట. అదీ మా అన్నయ్యే. చిన్నప్పుడు నేను పలక పగలగొడితే అలాగే అడిగాడు.

అంబర్‌పేట మార్కెట్ దగ్గర ట్రాఫిక్ గడ్డకట్టింది. ఉల్లిపాయల బళ్ళు, ఆటోలు, మధ్యలో మేము. ఇంజను ఒకసారి దగ్గినట్టు చేసింది. వెనక నల్లటి పొగ. ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.

ఐలయ్య తాళం తిప్పాడు. తిరుగుతోంది, అంటుకోవడం లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవరూ అడక్కుండానే ఉల్లిపాయల బండి మనిషీ, బురఖాలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ, నేనూ కలిసి కారుని పక్కకి నెట్టాం. మొన్న కుట్టించిన చెప్పు మళ్ళీ తెగింది.

అంబర్‌పేటలో యాభై నిమిషాలు

ఐలయ్య బానెట్ ఎత్తి, గుడ్డ చుట్టుకుని ఆ సన్నటి రబ్బరు పైపు పీకాడు. పైపు మూతి నుంచి ఒక చుక్క, తర్వాత ఇంకో చుక్క నేల మీద పడ్డాయి. పైపు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన సూడండ్రి అక్కా. దీంట్ల గాలి తప్ప ఏం ఉండొద్దు."

పెట్రోలు. ఘాటుగా, కళ్ళు మండేంత. నా చీరకి కూడా అంటింది.

పక్కనే టిఫిన్ సెంటరు బయట రెండు కుర్చీలు వేయించుకుని కూర్చున్నాం. మిర్చిబజ్జీ తెప్పించాడు. మా తెనాలి బజ్జీలో మిరపకాయకి వాము పట్టిస్తాం. ఇక్కడ చింతపండు ముద్ద పెడతారు. ఒకటి కొరికి పక్కన పెట్టేశాను. నాకు వినాలనుంది.

"ఆ డబ్బీ లోపట రబ్బర్ పొర ఉంటది. దానికి సూది మొనంత తూటు వడ్డది" అన్నాడు ఐలయ్య. "సల్లగున్నప్పుడు ముడుసుకొని ఉంటది, కనవడది. గరం అయితే తెరుసుకుంటది. పెద్ద రోడ్డు మీద జోరుగ పోతున్నంతసేపు కూడా ఏం తెల్వదక్కా. నిమ్మలం అయినప్పుడే, ఇట్ల ట్రాఫిక్‌లనో, టోల్‌గేట్ కాడనో, ఇంజన్ ఈ పైపుల నుంచి పెట్రోల్ గుంజుకుంటది. ఇగ ఊపిరాడదు. ఆగిపోతది. ఓ గంట సల్లారిందనుకో, ఏం తెల్వనట్టు మల్ల స్టార్ట్ అయితది."

టోల్‌గేట్ అన్న మాట నేను అనలేదు. అతనన్నాడు.

అంత రద్దీలో, బజ్జీల పొయ్యి పక్కన, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అబద్ధమైనా నమ్మేలా చెప్పాల్సింది అన్న నోరు ఇదే. ఆయన నిజం చెప్పాడు. మూడు చోట్ల ఆగి, మూడు చోట్లా నాకే ఫోను చేసి నిజమే చెప్పాడు. మా మరిది తిప్పింది గంట చల్లారాక, అదీ పక్క వీధి దాకా. ఇంజను వేడెక్కేంత దూరం కూడా కాదు. దాన్ని నేను రుజువనుకున్నాను. పిల్లలెవరైనా ఒక్క ఉదాహరణ చూపించి సిద్ధాంతం నిరూపించామంటే సున్నా మార్కులు వేసే దాన్ని.

అప్పుడు ఐలయ్యకి అంతా చెప్పాను. పెళ్ళి, బుట్ట, నేనన్న మాట. అతను వింటూ చేతిలో ఉన్న బజ్జీ ప్లేటులో పెట్టేశాడు.

పెళ్ళికి రెండు నెలల ముందు అన్నయ్య కారు తీసుకొచ్చి, పెట్రోలు పంపు బలహీనపడింది, మార్చమన్నాడట. అన్నయ్య లేతు మీద చెయ్యి తిరిగినవాడే గానీ కారు ఇంజను ఆయన విద్య కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పంపు మార్చేటప్పుడే ఈ పైపు జర తడిగ అనిపిచ్చింది నాకు" అన్నాడు ఐలయ్య. "పంపే అన్నడు సార్. ఆకురాయి పట్టుడు నేర్పిన సార్ ముంగట, గిది కాదు సార్ అని ఎట్లంట? అనలే. పంపు మార్చి పంపిన. అన్నుంటే మీ బిడ్డ లగ్గానికి అందుతుండె."

పెళ్ళయ్యాక కారు మళ్ళీ తెచ్చాడా అని అడిగాను. తెచ్చాడట, నాలుగైదు సార్లు. ఎప్పుడూ పొద్దున్నే, షెడ్డు తీసే వేళకే, డ్యూటీకి వెళ్ళే ముందు. క్యాంపస్ నుంచి తార్నాకకి ఎంత దూరం గనక, ఇంజను వేడెక్కేది కాదు. ఇద్దరూ వెతికేవారు, ఆ పైపు ప్రతిసారీ పొడిగానే ఉండేది, ఏమీ దొరికేది కాదు. పెళ్ళి సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదట. కారుని తార్నాక దాటి తీసుకెళ్ళడం కూడా మానేశాడట.

"ఆఖరిసారి వచ్చినప్పుడు ఏమన్నడో చెప్పాల్నా అక్కా? 'నా భ్రమేనేమోలే ఐలయ్యా, అది ఆగలేదేమో' అన్నడు."

నన్నెవరు ఏమన్నా ఇంత బాధ కలిగేది కాదు. నడిరోడ్డు మీద మూడుసార్లు ఆగిపోయిన మనిషి, చివరికి తన కళ్ళతో చూసింది తనే నమ్మలేకపోయాడు. మేమందరం కలిసి ఆయన్ని అంతదాకా తీసుకొచ్చాం.

కూర్చున్న దగ్గర్నుంచి గడియారం చూస్తూనే ఉన్నాను. యాభై నిమిషాలకి ఐలయ్య లేచి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. నెట్టడానికి సాయమొచ్చిన ఉల్లిపాయల మనిషి చూసి, "అరే, ఏమైందన్నా దీనికి? మంచిగనే ఉన్నది గదా" అన్నాడు. మూడేళ్ళ కిందట నేనూ అదే కదా అన్నాను.

మళ్ళీ షెడ్డులో

ఆ సాయంత్రమే ఐలయ్య కొత్త రెగ్యులేటర్ తెచ్చి వేశాడు. పైపు కూడా మార్చాడు. పని గంట కూడా పట్టలేదు. ఆ డబ్బీ ఖరీదు సింధు పెళ్ళికి నేను కుట్టించుకున్న మగ్గం వర్కు జాకెట్టు కూలి కంటే తక్కువ. పాతది నా చేతిలో పెట్టాడు. పిడికిట్లో పట్టేసింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దలు. వినాల్సిన మనిషి పోయాక తెలిస్తే దాన్నేం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కారు అమ్మనని చెప్పాను. నాకు డ్రైవింగ్ రాదు. తనే తెనాలి దాకా నడుపుతానన్నాడు ఐలయ్య. వద్దన్నా వినలేదు.

"ఎన్ని గంటలకు పోదాం అక్కా?" అని అడిగాడు.

"నాలుగింటికి" అన్నాను.



మూడు టోల్‌గేట్లు

సుగుణమ్మ నాలుగింటికే లేచి జొన్నరొట్టెలు మూట కట్టిచ్చింది. అన్నయ్య గిన్నె ఆవిడకే ఇచ్చేశాను. బుట్ట వెనక సీట్లో పెట్టాను, దుప్పటి తీసేసి.

మొదటి టోల్‌గేటు చౌటుప్పల్ దాటాక వచ్చింది. గేటు దాటి ఐలయ్య కారు పక్కకి ఆపాడు. ఇంజను అయిదు నిమిషాలు నడవనిచ్చాడు, ఆపాడు, తాళం తిప్పాడు. స్టార్ట్ అయింది. రోడ్డు పక్కన ఒక సిమెంటు దిమ్మ ఉంది. అన్నయ్య దాని మీదే కూర్చుని మొదటి ఫోను చేసి ఉంటాడని నేనే అనుకున్నాను. ఆ రోజు అయిదున్నర కావస్తోందేమో, నేను సింధుకి నలుగు పెడుతూ ఫోనెత్తాను. సరేలే, త్వరగా రా, అన్నాను.

రెండోది సూర్యాపేటకి ముందు. అక్కడా అలాగే ఆపాడు, అలాగే స్టార్ట్ అయింది. బస్సులు వెళ్తున్నాయి. ఇక్కడ కారు వదిలేసి బస్సెక్కి ఉండొచ్చు కదా అని ఆ రోజు అందరం అన్నాం. ఐలయ్యని అడిగాను. సార్ వదలడన్నాడు. ఒకసారి స్టార్ట్ అయిన మిషను మళ్ళీ స్టార్ట్ అవుతుందని నమ్ముతాడన్నాడు. అదే నిజం. అన్నయ్య మనుషుల్ని ఎప్పుడైనా అనుమానించాడేమో గానీ మిషన్లని అనుమానించలేదు. అక్కడే రొట్టెలు తిన్నాం.

మూడోది జగ్గయ్యపేట దాటాక. అక్కడ కూడా ఆపబోతుంటే నేను అతని చెయ్యి పట్టుకున్నాను. చాలు, ఇక ఆపొద్దు, పోనివ్వమన్నాను. ఐలయ్య తలూపాడు. కళ్ళు తుడుచుకోవడానికి మాత్రం ఒక్క నిమిషం ఆపాడు. అవి అతని కళ్ళు.

తెనాలి

మా గేటు ముందు ఆగేసరికి పదీ ఇరవై. ఐలయ్య ఇంజను ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి అడిగాడు, ముహూర్తం ఎన్నింటికుండె అని. పదకొండూ ఇరవైకి అని చెప్పాను. అతను నా గడియారం వైపు చూసి తల దించుకున్నాడు.

సింధు ముందురోజే గుంటూరు నుంచి వచ్చి ఉంది. చప్పుడు విని చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"అప్పుడే వచ్చేశారేంటమ్మా? మధ్యాహ్నం అవుతుందనుకున్నా" అంది.

"మామయ్య కారు ఆగకపోతే ఇంతసేపే పడుతుందే" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. తర్వాత వెనక సీటు వైపు చూసింది. తలుపు తీసి, బుట్ట తనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది.